రెండో రోజు తీసుకోవలసిన నిర్ణయం: ఆసుపత్రిలో పిల్లలకు యాంటీబయాటిక్‌లు

పుట్టి మూడు రోజులైన బిడ్డ తెల్లవారినప్పటి నుంచి పాలు సరిగా తాగడం లేదు. ఒళ్లు కాస్త చల్లబడింది, ఏడుపులో బలం తగ్గింది, ఊపిరి మామూలుకంటే వేగంగా ఆడుతోంది. జిల్లా ఆసుపత్రిలోని నవజాత శిశు విభాగానికి తీసుకొచ్చేసరికి అక్కడి వైద్యుడి చేతిలో రుజువంటూ ఏదీ ఉండదు. రక్తంలో చక్కెర పడిపోయినా ఇవే లక్షణాలు, బిడ్డకు చలి తగిలినా ఇవే, గుండెలో పుట్టుకతో వచ్చిన లోపమున్నా ఇవే, రక్తంలోకి బ్యాక్టీరియా చేరినా ఇవే. చివరిదే నిజమైతే కొన్ని గంటల ఆలస్యం కూడా ప్రాణం తీయగలదు. అందుకే రక్తం తీసి, అందులో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే కల్చర్ పరీక్షకు పంపి, ఫలితం కోసం ఎదురుచూడకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతారు. ఆ క్షణంలో అది సరైన పనే.

ఆసుపత్రుల్లో యాంటీబయాటిక్‌లు విచ్చలవిడిగా వాడుతున్నారన్న మాట తరచుగా వింటుంటాం. అందులో నిజముంది. అయితే ఆ విమర్శ సాధారణంగా మొదటి సూది మీదనే పడుతుంది. పిల్లల వార్డుల్లో అసలు చిక్కు ఆ తర్వాత, రెండో రోజున, మూడో రోజున జరగవలసిన పునఃపరిశీలన జరగకపోవడంలో ఉంది. ప్రమాదంలో ఉన్న బిడ్డకు అనుమానం మీదనే మందు మొదలుపెట్టే అధికారం వైద్యుడికి ఉంది; ఆ అనుమానం నిలిచిందా, వీగిపోయిందా అని 48 గంటలకు తిరిగి చూసే బాధ్యత దాని వెంటే వస్తుంది. అధికారాన్ని వాడుకున్నంత తేలికగా బాధ్యతను నెరవేర్చలేకపోతున్నాం. ఎందుకన్నది కాస్త నిదానంగా చూడవలసిన విషయం.

మొదలుపెట్టడంలో కూడా తొందరకు హద్దు ఉంది. ఇన్ఫెక్షన్‌కు ఒళ్లంతా అదుపు తప్పి స్పందించి ప్రాణం మీదికి వచ్చే స్థితిని సెప్సిస్ అంటారు. పిల్లల సెప్సిస్ చికిత్సపై 2020లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇక్కడ ఒక తేడా చూపించాయి. రక్తప్రసరణ కుప్పకూలి షాక్‌లోకి వెళ్లిన పిల్లలకు గుర్తించిన గంటలోపు మందు పడాలి. షాక్ లేకుండా సెప్సిస్ వల్ల అవయవాలు దెబ్బతింటున్నాయన్న అనుమానం మాత్రమే ఉన్నప్పుడు 3 గంటల వరకు సమయం తీసుకుని, అవసరమైన పరీక్షలు చేసి, అప్పుడు మొదలుపెట్టవచ్చు. ఆ అదనపు సమయంలో ఇది నిజంగా బ్యాక్టీరియా పనేనా అని ఆలోచించి, కల్చర్‌కు రక్తం, మూత్రం, అవసరమైతే వెన్నునీరు తీసుకోవచ్చు. జ్వరంతో వచ్చిన ప్రతి పిల్లవాడికీ క్యాజువాలిటీలోనే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించడానికి ఈ మార్గదర్శకాల్లో ఎక్కడా సమర్థన దొరకదు.

పునఃపరిశీలనకు పునాది రక్తపు కల్చర్. అది ఎంత నమ్మదగినదన్నది దాన్ని తీసిన తీరును బట్టే ఉంటుంది. మందు పడకముందే రక్తం తీయాలి, ఎందుకంటే ఒక్క డోసు పడ్డాక తీసిన రక్తంలో బ్యాక్టీరియా ఉన్నా సీసాలో పెరగకపోవచ్చు. నవజాత శిశువు నుంచి 1 మిల్లీలీటరు రక్తమైనా తీసుకోవాలి. అర మిల్లీలీటరుతో సరిపెడితే, రక్తంలో సూక్ష్మజీవులు పలచగా ఉన్న బిడ్డలో అసలు దొంగ దొరకకుండానే పోతాడు. ఏడువందల గ్రాముల బిడ్డ ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి 60, 70 మిల్లీలీటర్లే కాబట్టి ఆ చిన్న చేతి నుంచి నర్సు ఒక మిల్లీలీటరు తీయడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. చర్మాన్ని మందుతో తుడిచి ఆరేదాకా ఆగకుండా గుచ్చితే, చర్మం మీద మామూలుగానే ఉండే స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా సీసాలోకి చేరి పెరుగుతుంది. రిపోర్టులో పాజిటివ్ అని వస్తుంది, లేని జబ్బుకు వ్యాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మొదలవుతుంది. యాంటీబయాటిక్‌ల బాధ్యతాయుత వినియోగమన్నది పెద్ద కమిటీల్లోకంటే ముందు ఇక్కడ, దూది, సూది, ఓపిక దగ్గర మొదలవుతుందని నా అభిప్రాయం.

సరిగా తీసిన రక్తాన్ని యంత్రం ఉన్న ప్రయోగశాలలో పెడితే, నిజంగా జబ్బు తెచ్చిన బ్యాక్టీరియా చాలావరకు 36 నుంచి 48 గంటల్లోనే బయటపడుతుంది. అంటే రెండో రోజు ముగిసేసరికి వైద్యుడి చేతిలో మొదటి రోజు లేని మూడు ఆధారాలు ఉంటాయి: కల్చర్ ఏం చెబుతోంది, ఒంట్లో వాపు ఉంటే పెరిగే సీఆర్‌పీ వంటి రక్తపరీక్షలు ఎటు కదులుతున్నాయి, అన్నిటికంటే ముఖ్యంగా బిడ్డ ఎలా ఉంది. సీఆర్‌పీ గురించి ఒక మాట చెప్పాలి. ఇన్ఫెక్షన్ మొదలైన వెంటనే అది పెరగదు, కొన్ని గంటలు పడుతుంది. అందుకని వచ్చీరాగానే చేసిన పరీక్షలో తక్కువగా ఉన్నంత మాత్రాన ధైర్యపడకూడదు. కాన్పు కష్టమైనప్పుడు ఇన్ఫెక్షన్ లేకుండా కూడా అది పెరుగుతుంది కాబట్టి ఒక్క అంకె చూసి భయపడనూ కూడదు. ఒక రోజు తేడాతో చేసిన రెండు పరీక్షలూ మామూలుగా ఉండి, కల్చర్‌లో ఏమీ పెరగక, బిడ్డ పాలు తాగుతూ హుషారుగా ఉంటే, మందు ఆపడానికి అంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు.

అయినా ఆపరు. కల్చర్ నెగెటివ్ వచ్చినప్పుడు, మందు పనిచేస్తోంది కాబట్టే బిడ్డ కోలుకుందన్న వాదన తలెత్తుతుంది. ఏ ఇన్ఫెక్షనూ లేని బిడ్డ కోలుకున్నప్పుడు కూడా ఇదే వాదన అచ్చంగా సరిపోతుంది, కాబట్టి అది ఏదీ తేల్చదు. నిజానికి ఈ వాదన వెనక ఉన్నది భయం. మందు ఆపిన మర్నాడు బిడ్డ పరిస్థితి విషమిస్తే ఆ నింద ఆపిన వైద్యుడి పేరు మీదనే పడుతుంది. అనవసరంగా పది రోజులు కొనసాగించినందువల్ల జరిగే హాని మాత్రం ఎవరి పేరు మీదా నమోదు కాదు, ఎందుకంటే అది ఆలస్యంగా, కొన్నిసార్లు పక్క ఉయ్యాలలోని బిడ్డకు జరుగుతుంది. అందువల్ల ఆపే నిర్ణయాన్ని ఒక్క జూనియర్ డాక్టరు భుజాల మీద వదిలేయకుండా, వార్డుకంతటికీ ముందే రాసి పెట్టుకున్న నియమంగా మార్చడం అవసరం. ఎవరూ తిరిగి రాయకపోతే 48 గంటల తర్వాత మందు దానంతట అదే ఆగిపోయేలా కేసు షీట్‌లో ఏర్పాటు చేసుకున్న చోట్ల, కొనసాగించాలంటేనే కారణం రాయవలసి వస్తుంది. ఆలోచన భారం సరైన వైపుకు మారుతుంది.

అనవసరపు రోజుల వల్ల హాని ఊహాజనితం కాదు. అతి తక్కువ బరువుతో పుట్టిన శిశువుల్లో, కల్చర్ నెగెటివ్‌గా ఉన్నా మొదటి యాంటీబయాటిక్‌లను 5 రోజులు, అంతకు మించి కొనసాగించినప్పుడు పేగులు కుళ్లే నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్, మరణం ఎక్కువగా కనిపించాయని 2009లో అమెరికాలో వెలువడిన పరిశీలన చూపింది. పుట్టిన బిడ్డ పేగుల్లో తల్లి నుంచి, తల్లిపాల నుంచి వచ్చే మంచి బ్యాక్టీరియా స్థిరపడే రోజులవి. ఆ రోజుల్లో యాంటీబయాటిక్ కురిపిస్తే మందుకు లొంగేవన్నీ చనిపోయి, ఖాళీ అయిన చోటును లొంగనివి ఆక్రమిస్తాయి. పొలంలో కలుపుమందు కొట్టినప్పుడు దానికి చావని కలుపే మరుసటి ఏడు పొలమంతా పరుచుకోవడం చూసిన రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పనవసరం లేదు.

ఆ లొంగని బ్యాక్టీరియా ఆ బిడ్డతో ఆగదు. డయపర్ మార్చిన చేయి, సరిగా శుభ్రం కాని సక్షన్ గొట్టం, బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్‌ను ఇద్దరు పిల్లలు పంచుకోవడం, ఇలా ఏదో ఒక దారిలో పక్క బిడ్డకు చేరుతుంది. ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల నవజాత శిశు విభాగాల్లో 2011 నుంచి 2014 వరకు చేరిన 13,530 మంది శిశువులను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో మన దేశపు పరిస్థితిని కళ్లకు కట్టింది. చేరినవారిలో 14.3 శాతం మందికి సెప్సిస్ వచ్చింది. కారణమైన సూక్ష్మజీవుల్లో ఎసినెటోబ్యాక్టర్ 22 శాతంతో, క్లెబ్సియెల్లా 17 శాతంతో ముందున్నాయి. దొరికిన ఎసినెటోబ్యాక్టర్‌లో 82 శాతం, క్లెబ్సియెల్లాలో 54 శాతం పలు రకాల మందులకు లొంగనివి. కల్చర్‌లో బ్యాక్టీరియా దొరికిన శిశువుల్లో దాదాపు సగం మంది చనిపోయారు. ఈ అధ్యయనంలో నన్ను అన్నిటికంటే కలవరపరిచిన సంగతి వేరే ఉంది. సెప్సిస్ కేసుల్లో సుమారు మూడింట రెండు వంతులు పుట్టిన 72 గంటల్లోపే మొదలయ్యాయి. పాఠ్యపుస్తకాల ప్రకారం తొలి మూడు రోజుల్లో వచ్చే ఇన్ఫెక్షన్ తల్లి నుంచి వచ్చినది. ఇక్కడ తొలి మూడు రోజుల్లోనే ఆసుపత్రి వార్డుల్లో కనిపించే మొండి జాతులు దొరికాయంటే, కాన్పు గది నుంచే అవి బిడ్డను అందుకుంటున్నాయని అనుమానించక తప్పదు.

ఈ పరిస్థితే ఒక విషవలయాన్ని సృష్టిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నవజాత శిశు సెప్సిస్‌కు మొదటి మందులుగా యాంపిసిలిన్, జెంటామైసిన్‌ల జంటను సూచిస్తుంది. తన వార్డులో క్లెబ్సియెల్లా వాటికి లొంగడం లేదని అనుభవం మీద తెలిసిన వైద్యుడు నేరుగా, మరెన్నో రకాల బ్యాక్టీరియాను చంపే మెరోపెనెంతో మొదలుపెడతాడు. మెరోపెనెం వాడకం పెరిగేకొద్దీ దానికీ లొంగని జాతులు పెరుగుతాయి, అప్పుడు మిగిలేది చివరి అస్త్రంగా దాచుకోవలసిన కొలిస్టిన్. మన దేశంతో సహా 11 దేశాల్లోని 19 ఆసుపత్రుల్లో 3,204 మంది శిశువులపై జరిగి 2023లో వెలువడిన మరో అధ్యయనంలో, సెప్సిస్‌కు వైద్యులు వాడిన మందుల కలయికలు 200కు పైగా తేలాయి. ఒకే జబ్బుకు ఇన్ని రకాల చికిత్సలు ఉన్నాయంటే, ఏది పనిచేస్తుందో ఎవరికీ నిశ్చయంగా తెలియదన్నమాట. దీనికి ప్రతి ఆసుపత్రీ చేసుకోగల పని ఒకటుంది. తమ ప్రయోగశాలలో ఏడాది పొడవునా వచ్చిన కల్చర్ ఫలితాలను క్రోడీకరించి, ఏ సూక్ష్మజీవి ఏ మందుకు ఎంత శాతం లొంగుతోందో చూపే పట్టికను వార్డు గోడకు అంటించడం. దాన్ని యాంటీబయోగ్రామ్ అంటారు. అది లేని చోట వైద్యుడు జ్ఞాపకం మీదా, కిందటి వారం చనిపోయిన బిడ్డ మీదా ఆధారపడి మందు ఎంచుకుంటాడు.

2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్‌లను మూడు వర్గాలుగా విడదీసింది. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, జెంటామైసిన్ వంటివి ‘అందుబాటు’ వర్గం: మామూలు ఇన్ఫెక్షన్‌లకు ముందు వాడవలసినవి. సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్, మెరోపెనెం వంటివి ‘కనిపెట్టి ఉండవలసిన’ వర్గం. కొలిస్టిన్, లినెజోలిడ్ వంటివి ఇంకేదీ పనిచేయనప్పుడు మాత్రమే తీయవలసిన ‘నిల్వ’ వర్గం. 2030 నాటికి మనుషులకు వాడే యాంటీబయాటిక్‌లలో కనీసం 70 శాతం మొదటి వర్గానివై ఉండాలని 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో దేశాలు ఒప్పుకున్నాయి. మన స్థితి చూడండి: 2021 నవంబరు నుంచి 2022 ఏప్రిల్ వరకు జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం 20 పెద్ద ఆసుపత్రుల్లో అన్ని వయసులవారినీ కలిపి 9,652 మంది ఇన్‌పేషెంట్లను సర్వే చేస్తే, 71.9 శాతం మందికి యాంటీబయాటిక్ నడుస్తోంది. రాసిన మందుల్లో 57 శాతం రెండో వర్గానివి. మందు అందుకున్నవారిలో సగానికి పైగా వచ్చిన ఇన్ఫెక్షన్‌కు కాకుండా, రాబోతుందేమోనన్న ముందుజాగ్రత్తతో వాడుతున్నారు. ఏ సూక్ష్మజీవో తేల్చుకుని దానికి తగ్గ మందు రాసింది 6 శాతం మందికే.

వర్గాల సంగతి వచ్చినప్పుడు తల్లిదండ్రులు తరచుగా అనే మాట గుర్తొస్తుంది: ‘డాక్టరుగారూ, పవర్ ఉన్న మందు వేయండి, ఖర్చుకు వెనకాడం.’ యాంటీబయాటిక్‌లకు పవర్ ఎక్కువ తక్కువలంటూ ఒకే నిచ్చెన లేదు. ఏ సూక్ష్మజీవికి ఏది తగులుతుందన్నదే ప్రశ్న. దీనికి మన రెండు రాష్ట్రాల్లోనే మంచి ఉదాహరణ ఉంది. వానాకాలం నుంచి చలికాలం దాకా పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో వారం రోజులైనా తగ్గని జ్వరాలకు స్క్రబ్ టైఫస్ ఒక ముఖ్య కారణం. చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే ఈ జబ్బును కలిగించే సూక్ష్మజీవి మన కణాల లోపల దాగి బతుకుతుంది. పెన్సిలిన్, సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెం వంటివి ఎన్ని రోజులు ఎక్కించినా దాన్ని ఏమీ చేయలేవు. చంకలోనో, గజ్జల్లోనో సిగరెట్‌తో కాల్చినట్టుండే నల్లటి చెక్కును బట్టలు విప్పి వెతికి పట్టుకున్న వైద్యుడు డాక్సీసైక్లిన్ మొదలుపెడితే, చాలామంది పిల్లల్లో రెండు రోజుల్లో జ్వరం దిగిపోతుంది. అతి చవకైన మందు అది. దాని వంశానికి మూలపురుషుడైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి వెలువడింది. దాన్ని కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్. అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ జాతి మందులు ఎనిమిదేళ్లలోపు పిల్లల పళ్లకు రంగు పట్టిస్తాయన్న భయంతో చాలాకాలం దూరం పెట్టారు గానీ, డాక్సీసైక్లిన్‌ను తక్కువ రోజులు వాడితే ఆ ముప్పు కనిపించలేదని తర్వాతి పరిశీలనలు తేల్చాయి. అయిదు రోజులుగా సెఫ్ట్రియాక్సోన్‌కు తగ్గని జ్వరం చూసి మెరోపెనెంకు ఎక్కే ముందు, ఆ పిల్లవాడి చంక చూశామా అని అడగడం రెండో రోజు పునఃపరిశీలనలో భాగమే.

పిల్లలు చిన్న సైజు పెద్దవాళ్లు కారన్న సంగతి యాంటీబయాటిక్‌ల చరిత్రలో చాలా ఖరీదు చెల్లించి నేర్చుకున్న పాఠం. 1950లలో నవజాత శిశువులకు క్లోరాంఫెనికాల్‌ను పెద్దవాళ్ల లెక్కన ఇచ్చినప్పుడు, దాన్ని విరిచి బయటికి పంపే శక్తి వాళ్ల కాలేయానికి ఇంకా రాకపోవడంతో మందు ఒంట్లో పేరుకుని, పిల్లలు బూడిద రంగుకు తిరిగి చనిపోయారు. 1959లో గాని ఆ కారణం తేలలేదు. అంతకు కొద్ది ఏళ్ల ముందు సల్ఫా మందు తీసుకున్న నెలలు నిండని శిశువుల్లో పచ్చకామెర్ల పసుపు పదార్థం మెదడుకు చేరి మరణాలు పెరిగాయి. ఇప్పుడు సెఫ్ట్రియాక్సోన్ విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం: నెలలోపు శిశువుల్లో కామెర్లు ఉన్నప్పుడు అది వద్దు, క్యాల్షియం ఉన్న సెలైన్ ఎక్కిస్తున్నప్పుడు అసలే వద్దు. జెంటామైసిన్ లెక్క మరొకలా ఉంటుంది. శిశువు ఒంట్లో నీటి పాలు ఎక్కువ కాబట్టి కిలోకు ఇవ్వవలసిన డోసు తక్కువేమీ కాదు, కానీ మూత్రపిండాలు పూర్తిగా పనిలోకి రాలేదు కాబట్టి రెండు డోసుల మధ్య ఎడం పెంచాలి. డోసు తగ్గించి మాటిమాటికీ ఇస్తే ఇన్ఫెక్షన్ తగ్గకపోగా, చెవికీ మూత్రపిండాలకూ ముప్పు పెరుగుతుంది. బరువు తప్పుగా రాస్తే డోసు తప్పుతుంది, దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే పదింతలు కావచ్చు. రోజువారీ బరువు, రాసిన డోసు, కలిపిన పరిమాణం అనే మూడింటినీ ఇద్దరు వేర్వేరుగా సరిచూసే అలవాటు కంటే మంచి రక్షణ నాకు తెలియదు.

ఎన్ని రోజులు, ఏ దారిలో అన్న ప్రశ్నలకు గత ఇరవై ఏళ్లలో వచ్చిన సమాధానాలు ఊరటనిచ్చేవి. రక్తనాళంలోకి ఎక్కిస్తేనే మందు పనిచేస్తుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. మన దేశంతో సహా 8 దేశాల్లో న్యుమోనియాతో డొక్కలెగరేస్తున్న 1,702 మంది పిల్లల్లో సగం మందికి పెన్సిలిన్ సూదులు, సగం మందికి నోటితో అమాక్సిసిలిన్ ఇచ్చి చూస్తే ఫలితం సమానంగా వచ్చిందని 2004లోనే తేలింది. పాలు, ఆహారం తీసుకోగలుగుతూ, వాంతులు లేకుండా, ఆక్సిజన్ అవసరం తగ్గిన బిడ్డను సూది నుంచి సిరప్‌కు మార్చవచ్చు. రక్తనాళంలో పెట్టిన సన్నని గొట్టాన్ని (క్యాన్యులా) ఎంత తొందరగా తీస్తే దాని ద్వారా రక్తంలోకి చేరే కొత్త ఇన్ఫెక్షన్ ముప్పు అంత తగ్గుతుంది. బిడ్డ తల్లి ఒడిలోకి అంత త్వరగా వస్తుంది. రోజుల విషయానికొస్తే, బ్రిటన్, ఐర్లండ్‌లలో 800 మందికి పైగా పిల్లలపై జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, మరీ తీవ్రం కాని న్యుమోనియాకు 3 రోజుల అమాక్సిసిలిన్ 7 రోజులంత బాగానే పనిచేసింది. డొక్కలెగరేసే న్యుమోనియాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 రోజులే.

ఈ సంక్షిప్త కోర్సులను అన్ని జబ్బులకూ అంటగట్టకూడదు. మెదడు పొరల వాపులో, ముఖ్యంగా నవజాత శిశువుకు ఈ.కోలై వంటి బ్యాక్టీరియాతో వచ్చినప్పుడు, మూడు వారాల చికిత్సలో ఒక్క రోజు తగ్గించడం కూడా ప్రమాదమే. ఎముకలో చీము చేరిన బిడ్డకు తొలి కొన్ని రోజులు సూదుల ద్వారా, ఆ తర్వాత వారాల పాటు నోటి ద్వారా మందు అవసరమవుతుంది. ‘కోర్సు మధ్యలో ఆపకూడదు’ అన్న సలహా ఇలాంటి నిర్ధారణ అయిన జబ్బులకు పూర్తిగా వర్తిస్తుంది. అనుమానం మీద మొదలై, అనుమానం తప్పని తేలిన చోట మాత్రం పూర్తి చేయవలసిన కోర్సంటూ ఏదీ లేదు. వైద్యుడు ఆపమన్నప్పుడు తల్లిదండ్రులు భయపడకుండా ఉండాలంటే ఈ తేడాను వైద్యుడే నోరు తెరిచి చెప్పాలి.

వైరస్ జబ్బుల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఏడాదిలోపు పిల్లలకు చలికాలంలో చిన్న శ్వాసనాళాలు వాచి వచ్చే బ్రాంకియోలైటిస్, డెంగ్యూ, నీళ్ల విరేచనాలు, వీటిలో యాంటీబయాటిక్‌కు సాధారణంగా పనిలేదు. నీళ్ల విరేచనాల బిడ్డను కాపాడేవి ఓఆర్‌ఎస్, జింక్, తల్లిపాలు. రక్తం పడినప్పుడూ, కలరా అనుమానం ఉన్నప్పుడూ సంగతి వేరు.

ఆసుపత్రికి రాకముందే జరిగిపోయేది కూడా ఈ లెక్కలో చేరుతుంది. ఊళ్లో ఆరెంపీ దగ్గర రెండు సూదులు, మందుల షాపులో అడిగి తెచ్చిన సెఫిక్సిమ్ సిరప్ మూడు రోజులు, ఆ తర్వాత పట్టణంలోని నర్సింగ్‌హోంలో ఒక రోజు సెలైన్ అయ్యాక పెద్దాసుపత్రికి చేరే పిల్లలు కోకొల్లలు. అప్పటికి కల్చర్‌లో ఏదీ పెరగదు. టైఫాయిడో కాదో తేలదు, మెదడు పొరల వాపు సగం మరుగునపడి ఉంటుంది, వైద్యుడు చీకట్లో బాణం వేయవలసి వస్తుంది. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న హెచ్1 షెడ్యూలు ప్రకారం అందులోని యాంటీబయాటిక్‌లను చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిదాన్నీ షాపు రిజిస్టరులో రాయాలి. 2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్, యాంటీబయాటిక్ రాసేటప్పుడు ఎందుకు రాస్తున్నారో చీటీలో తప్పనిసరిగా పేర్కొనాలని వైద్య కళాశాలల వైద్యులను కోరింది. ఒక్క వాక్యం రాయడమే గానీ, దాని ప్రభావం చిన్నది కాదు. ‘సెప్సిస్ అనుమానం, కల్చర్ పంపాం, బుధవారం ఉదయం తిరిగి చూడాలి’ అని రాసిన కేసు షీట్‌ను చూసిన తర్వాతి షిఫ్ట్ డాక్టరు మందును గుడ్డిగా కొనసాగించలేడు.

అసలు ఇన్ఫెక్షనే రాకుండా చూడగలిగితే పై చర్చంతా తగ్గుతుంది. నవజాత శిశు విభాగంలో చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు, ఆల్కహాల్ ద్రవం ప్రతి ఉయ్యాలకూ చేతికందేంత దూరంలో ఉండాలి. ఒక నర్సుకు పది పదిహేను మంది శిశువులు అప్పజెప్పిన చోట ఎంత శిక్షణ ఇచ్చినా ఆ చేతులు కడుక్కునే తీరిక దొరకదు. నర్సుల కొరతను యాంటీబయాటిక్‌లతో పూడ్చుకుంటున్నామని నేను నమ్ముతాను. ఇక కంగారూ సంరక్షణ. ఘనా, భారత్, మలావి, నైజీరియా, టాంజానియాల్లో 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన శిశువులను, పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి ఎదమీద ఉంచినప్పుడు, తొలి 28 రోజుల్లో మరణాలు 25 శాతం తగ్గాయని, సెప్సిస్ అనుమానాలూ తగ్గాయని 2021లో వెల్లడైంది. ‘బాక్సులో పెట్టారు, మమ్మల్ని చూడనివ్వడం లేదు’ అని వరండాలో కూర్చునే తల్లులు లోపల ఉండవలసినవాళ్లని దీని అర్థం. టీకాల వైపు నుంచి కూడా భరోసా ఉంది. హైదరాబాద్‌లో తయారైన టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఆరు నెలల వయసు నుంచే వేయదగినది. అక్కడే తయారైన రోటావైరస్ టీకాను 2016లో సార్వత్రిక టీకాల కార్యక్రమంలో ముందుగా అందుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. టీకా వల్ల రాని ప్రతి విరేచనమూ, రాని ప్రతి టైఫాయిడ్ జ్వరమూ రాయనవసరం లేని ఒక యాంటీబయాటిక్ చీటీ.

వార్డులో బిడ్డ పక్కన కూర్చున్న తల్లిదండ్రులు వైద్యుడిని మర్యాదగా అడగదగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ‘బాబుకు ఏ ఇన్ఫెక్షన్ అనుకుంటున్నారండీ? మందు వేసే ముందు కల్చర్ పంపారా? రిపోర్టు ఎప్పుడొస్తుంది, అది వచ్చాక మందు మారుతుందా, ఆగుతుందా?’ ఇందులో వైద్యుడిని శంకించడమేమీ లేదు. రిపోర్టు కోసం ఒకరు ఎదురుచూస్తున్నారని తెలిస్తే అది ఫైలు అడుగున పడిపోకుండా ఉంటుంది. గతంలో వాడిన మందుల సీసాలు, చీటీలు పారేయకుండా వెంట తేవాలి.

ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితంలో రెండు విషయాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. మందు వాడుతున్నప్పుడు ఒంటిమీద దద్దురు వస్తే చాలామంది పిల్లలకు ‘పెన్సిలిన్ పడదు’ అన్న ముద్ర పడిపోతుంది. వాటిలో ఎక్కువ భాగం జబ్బు తెచ్చిన వైరస్ దద్దుర్లే. ఆ ముద్ర జీవితాంతం వెంటాడి, మంచి మందుకు బదులు ఖరీదైన, అనవసరంగా ఎన్నో రకాల బ్యాక్టీరియాను చంపే మందులవైపు నెడుతుంది. అందుకే దద్దురు ఎన్నో డోసుకు వచ్చింది, ఎలా ఉంది, ఊపిరి ఇబ్బంది అయిందా అన్నవి రాయించుకోవాలి. రెండోది, ఇంట్లో కొనసాగించవలసిన మందు ఏ తేదీ రాత్రి డోసుతో ముగుస్తుందో స్పష్టంగా ఉండాలి. అమాక్సిసిలిన్-క్లావులనేట్ పొడి సీసా ఇస్తే, కాచి చల్లార్చిన నీళ్లు సీసా మీది గీత దాకా పోసి బాగా కుదిపి, మళ్లీ గీత దాకా పోయాలి. నురుగు చూసి నిండిందనుకుంటే మందు చిక్కబడి డోసు తేడా వస్తుంది. కలిపిన సీసాను ఫ్రిజ్‌లో ఉంచాలి, చెంచాతో కాక సీసాతో వచ్చిన కొలత మూతతోనో, సూది లేని సిరంజితోనో పట్టాలి. వారం దాటాక అది పనికిరాదు. మిగిలిందాన్ని దాచి, వచ్చే నెల చెల్లికి దగ్గొచ్చినప్పుడు తీయకూడదు.